మైసూరు తొలి ముఖ్యమంత్రి చెంగలరాయరెడ్డి: సరిహద్దు తెలుగు, బాధ్యతాయుత ప్రభుత్వం

పావగడ తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందినదే అయినా, పటంలో చూస్తే దాని చుట్టూ మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేలే కనిపిస్తుంది. 2022 దాకా ఆ నేల అంతా అనంతపురం జిల్లా. ఇప్పుడు అందులో కొంత శ్రీ సత్యసాయి జిల్లా. పట్టుచీరల నేతకు పేరున్న వై.ఎన్.హొసకోట ఈ తాలూకాలోని ఊరే. ఇక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. భూముల పహణీలు, కచేరీ కాగితాలు, బస్సు మీది బోర్డు కన్నడంలోనే ఉంటాయి. గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, బంగారుపేట తాలూకాల పల్లెల్లో కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి.

ఇటువంటి ఊళ్ల నుంచి వచ్చి తెలుగు చదువుకునే విద్యార్థికి చరిత్ర పుస్తకాలతో ఒక చిక్కు ఉంది. ఆధునికాంధ్ర చరిత్ర గ్రంథాలు మద్రాసు రాష్ట్రం, హైదరాబాదు సంస్థానం అనే రెండు దారుల్లో నడిచి 1956 దగ్గర కలుస్తాయి. ఆధునిక కర్ణాటక చరిత్ర గ్రంథాలు ఎక్కువగా కన్నడ ప్రాంతాల ఏకీకరణ కథగా నడుస్తాయి. మైసూరు సంస్థానంలో ఉండి, ఇంట్లో తెలుగు మాట్లాడి, మైసూరు ప్రభుత్వానికి శిస్తు కట్టిన రైతు ఈ రెండు కథల్లోనూ అరుదుగా కనబడతాడు. తాను ఎవరి చరిత్రలో ఉన్నాడో ఆ విద్యార్థికి తెలియదు.

ఈ చిక్కును విప్పుకోవడానికి క్యాసంబళ్లి చెంగలరాయరెడ్డి జీవితం ఒక మంచి ఆధారం. కె.సి.రెడ్డిగా ప్రసిద్ధుడైన ఈయన 1947 అక్టోబరులో మైసూరుకు తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. 1952 నుంచి 1963 వరకు నెహ్రూ మంత్రివర్గంలో ఉన్నాడు. ఆపైన మధ్యప్రదేశ్‌కు గవర్నరుగా వెళ్లాడు. ఇంత పదవీ జీవితం ఉన్నా తెలుగువారి నాయకుల జాబితాల్లో ఆయన పేరు సాధారణంగా రాదు. కర్ణాటకలో ఆయన పేరు తెలిసినా, ఆయన తర్వాత వచ్చిన కెంగల్ హనుమంతయ్య నీడలో పడిపోయింది. ఆయన తెలుగువాడా, కన్నడిగుడా అని తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సరిహద్దు మనిషి ఒకరు రాష్ట్రానికే నాయకుడు కాగలిగిన కాలం ఒకటి ఉండేది. అప్పుడు రాజకీయం దేనిచుట్టూ తిరిగింది, తర్వాత ఏం మారింది అన్నది ఇక్కడ పరిశీలిస్తాం.

పుట్టిన నేల

చెంగలరాయరెడ్డి 1902 మే 4న కోలారు జిల్లా క్యాసంబళ్లిలో జన్మించాడు. బంగారు గనులకు దగ్గర ఊరు అది. తూర్పున కొద్ది దూరం పోతే కుప్పం, వి.కోట వైపు చిత్తూరు జిల్లా వస్తుంది. దక్షిణాన తమిళదేశం. రెడ్లు, మొరసు ఒక్కలిగులు, ఇంకా అనేక కులాలవారు ఇంట తెలుగు మాట్లాడుతూ, సంతలో కన్నడం, తమిళం వాడుకునే ప్రాంతం. ఆయన పేరే ఈ కలయికకు గుర్తు. చెంగల్రాయుడు అంటే తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి. ఉత్తర ఆర్కాడు, చిత్తూరు, కోలారు ప్రాంతాల్లో పిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం వాడుక. రాష్ట్రాల ఎల్లలు గీయకముందు మొక్కుబడుల ఎల్లలు వేరుగా ఉండేవని ఇటువంటి పేర్లు చెబుతాయి.

సాహిత్యంలోనూ ఈ ప్రాంతానికి తనదైన తెలుగు ఉంది. చింతామణి తాలూకా కైవారంలోని నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ రచనలు చేశాడు. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదువుకొని పాడేవారు ఇప్పటికీ ఉన్నారు. లిపి ఒకటి, మాట ఒకటి కావడం ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు.

ఆయన పుట్టిన 1902లోనే శివనసముద్రం జలవిద్యుత్తు సుమారు 92 మైళ్ల తీగల మీద కోలారు గనులకు చేరింది. బెంగుళూరు నగరానికి కరెంటు దీపాలు 1905లో గానీ రాలేదు. చుట్టుపట్ల పల్లెలకు ఆ తీగలు దిగడానికి దశాబ్దాలు పట్టింది. గనులను నడిపింది 1880 నుంచీ జాన్ టేలర్ అనే బ్రిటిషు సంస్థ. మైసూరు సంస్థానం ఆధునికమైనదని, ఆదర్శ సంస్థానమని చరిత్రకారులు రాస్తారు. ఆ మాటలో నిజముంది. కానీ ఆ ఆధునికత ఎవరి నిర్ణయంతో, ఎవరి కోసం వచ్చిందో అడిగే హక్కు ప్రజలకు లేదు. చెంగలరాయరెడ్డి రాజకీయం మొదలైంది ఆ ప్రశ్నతోనే.

దివాను పాలన, ప్రజాపక్షం

1831లో ఆంగ్లేయులు మైసూరు పాలనను తమ చేతికి తీసుకొని, 1881లో తిరిగి ఒడయరు వంశానికి అప్పగించారు. అదే సంవత్సరం దివాను రంగాచార్లు ప్రజాప్రతినిధి సభను ఏర్పరిచాడు. మొదటి సమావేశానికి 144 మంది హాజరయ్యారు. దేశీయ సంస్థానాలలో అటువంటి సభ అదే మొదటిది. అయితే సభ్యులు విన్నవించుకోవచ్చు, దివాను వినవచ్చు, అంతవరకే. దివాను జవాబుదారీ మహారాజుకు గానీ సభకు కాదు. 1907లో శాసనమండలి వచ్చినా ఈ మూలసూత్రం మారలేదు.

ఇక్కడ మరో తెలుగు కుటుంబపు వ్యక్తితో పోలిక ఉపయోగపడుతుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుంచి వచ్చినవారు. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో. 1912లో దివాను అయి ఆనకట్టలు, కార్ఖానాలు, విశ్వవిద్యాలయం, బ్యాంకు నెలకొల్పాడు. ఆయనను ఎంచుకున్నది రాజు. తప్పుకోవలసి వచ్చినప్పుడు కారణం కూడా ప్రజాసభలో ఓటమి కాదు. ఉద్యోగాల్లో వెనుకబడిన కులాలకు వాటా విషయంలో మహారాజుతో వచ్చిన అభిప్రాయభేదం. 1918లో ఆ విషయం మీద మిల్లర్ కమిటీని నియమించారు. దాని సిఫారసులతో బ్రాహ్మణేతరులకు సర్కారు కొలువుల్లో ప్రవేశం పెరిగింది.

చెంగలరాయరెడ్డి తరం ఈ రెండో ధోరణి నుంచి వచ్చినది. 1917లో ఏర్పడిన ప్రజామిత్రమండలి బ్రాహ్మణేతరుల తొలి రాజకీయ సంఘం. అంతకు ముందే 1906లో ఒక్కలిగ సంఘం ఏర్పడి కన్నడం మాట్లాడే గంగడికారులను, తెలుగు ఇంటిమాటగా ఉన్న మొరసువారిని, రెడ్లను ఒక గొడుగు కిందికి తెచ్చింది. వారిని కలిపినది సేద్యం. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది ఆ సంఘానికి అడ్డు కాలేదు. న్యాయశాస్త్రం చదివి వచ్చిన చెంగలరాయరెడ్డి 1930లో మరికొందరితో కలిసి ప్రజాపక్షాన్ని స్థాపించాడు. దాని బలం పల్లెల్లో ఉండేది. రైతుల సమస్యలు, బాధ్యతాయుత ప్రభుత్వం దాని ప్రధాన విషయాలు.

‘బాధ్యతాయుత ప్రభుత్వం’ అన్న మాట ఈనాటి విద్యార్థికి పాఠ్యపుస్తకపు మాటగా తోచవచ్చు. దాని అర్థం చాలా సూటి. మంత్రి అనేవాడు ప్రజలెన్నుకున్న సభకు జవాబు చెప్పాలి, సభ వద్దంటే దిగిపోవాలి. ప్రజాపక్షం, ప్రజామిత్రమండలి 1935లో కలిసి ప్రజా సంయుక్త పక్షం అయ్యాయి. చెంగలరాయరెడ్డి దాని అధ్యక్షుడు. 1937 అక్టోబరులో అది కాంగ్రెసులో విలీనమైంది. ఆ విలీనం ప్రాముఖ్యం తక్కువది కాదు. అంతవరకు మైసూరులో కాంగ్రెసు ఎక్కువగా పట్టణాల విద్యావంతుల పార్టీగా ఉండేది. ఇప్పుడు దానికి పల్లె దొరికింది. 1937-38లో మైసూరు కాంగ్రెసు అధ్యక్షుడుగా ఆయనే ఉన్నాడు.

విదురాశ్వత్థం

1938 ఏప్రిల్‌లో మద్దూరు దగ్గరి శివపురంలో నిషేధాజ్ఞను ధిక్కరించి కాంగ్రెసు వారు జాతీయజెండా ఎగరవేశారు. ఆ ధ్వజ సత్యాగ్రహం తూర్పు సరిహద్దుకు పాకింది. గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థం ఉత్తర పినాకిని, అంటే మన పెన్నానది, ఒడ్డున ఉన్న క్షేత్రం. రావిచెట్టు కింద నాగప్రతిష్ఠలు చేయించుకోవడానికి హిందూపురం, పెనుకొండ వైపు నుంచి కూడా జనం వస్తారు. 1938 ఏప్రిల్ 25న అక్కడ చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మరణించినవారు ప్రభుత్వ లెక్కలో పది మంది, జనం లెక్కలో ముప్పైకి పైన. మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన సర్ వేపా రామేశం ఆధ్వర్యంలో విచారణ జరిగింది.

గాంధీజీ సూచన మీద వల్లభభాయి పటేల్, ఆచార్య కృపలానీ బెంగుళూరు వచ్చి దివాను మిర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడారు. కాంగ్రెసును ప్రభుత్వం గుర్తించింది. మైసూరు జెండాతోపాటు కాంగ్రెసు జెండా ఎగరవేసుకోవడానికి ఒప్పుకుంది. జెండాల తగవు తీరింది గానీ జవాబుదారీ తగవు మిగిలిపోయింది.

సరిహద్దు విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. విదురాశ్వత్థం తెలుగు విస్తారంగా వినిపించే చోటు. అక్కడ ప్రాణాలు పోయింది భాష కోసం కాదు, పెన్నా నీటి కోసం కాదు. మైసూరు ప్రభుత్వం మైసూరు ప్రజలకు జవాబు చెప్పాలన్న కోరిక కోసం. తెలుగు మాట్లాడే పల్లెలు తమను తాము మైసూరు ప్రజలుగా భావించుకున్నాయనడానికి ఇంతకంటె గట్టి సాక్ష్యం అక్కరలేదు.

మైసూరు చలో

1946-47లో చెంగలరాయరెడ్డి మళ్లీ మైసూరు కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు. భారత రాజ్యాంగ సభలో మైసూరు ప్రతినిధులలో ఆయనొకడు, కెంగల్ హనుమంతయ్య మరొకడు. 1947 ఆగస్టు 9న మహారాజు జయచామరాజ ఒడయరు భారతదేశంలో చేరిక పత్రం మీద సంతకం చేశాడు. అయితే రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా వంటివి మాత్రమే ఆ పత్రంలోకి వచ్చాయి. సంస్థానం లోపల ఎవరి పాలన అన్నది తేలలేదు. దివాను ఆర్కాటు రామస్వామి మొదలియారు అధికారాన్ని ప్రజాప్రతినిధులకు వదలడానికి సిద్ధంగా లేడు. ఆగస్టు 15న దేశమంతా స్వరాజ్యం వచ్చిందని పండగ చేసుకుంటే మైసూరు రైతు అంతకు ముందురోజు ఉన్న పాలనలోనే ఉన్నాడు.

సెప్టెంబరు 1న సత్యాగ్రహం మొదలైంది. దీనికే ‘మైసూరు చలో’ అని పేరు. చెంగలరాయరెడ్డితో సహా నాయకులు అరెస్టయ్యారు. విద్యార్థులు బళ్లు మానేసి వీధిలోకి వచ్చారు. మైసూరు నగరంలో పోలీసు తూటాకు బలైన రామస్వామి అనే విద్యార్థి పేరు మీద ఈనాటికీ అక్కడ ఒక కూడలి ఉంది. కార్మికులు, పల్లెజనం జైళ్లు నింపారు. నలభై రోజుల తర్వాత మహారాజు దిగివచ్చాడు. అక్టోబరు 25న చెంగలరాయరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. హెచ్.సి.దాసప్ప, కె.టి.భాష్యం మొదలైనవారు మంత్రులయ్యారు.

కన్నడం ప్రధాన భాషగా ఉన్న సంస్థానంలో కోలారు సరిహద్దు నుంచి వచ్చిన వ్యక్తిని నాయకుడుగా అంగీకరించడానికి ఎవరికీ అభ్యంతరం రాలేదు. అప్పటి ప్రశ్న ‘అధికారం రాజుదా, ప్రజలదా’ అన్నది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముళబాగిలు రైతుకు ఎంత హక్కు ఉందో మండ్య రైతుకు అంతే ఉంది.

ముఖ్యమంత్రిగా

ఆయన పదవిలో ఉన్నది నాలుగేళ్ల అయిదు నెలలు. మొదటి రోజుల్లో ముఖ్యమంత్రీ ఉన్నాడు, దివానూ ఉన్నాడు. ఈ రెండు కత్తుల ఒర క్రమంగా తొలగింది. మైసూరుకు ప్రత్యేక రాజ్యాంగం రాయడానికి ఏర్పడిన సభ భారత రాజ్యాంగాన్నే స్వీకరించాలని నిర్ణయించింది. 1949 నవంబరులో మహారాజు ఆ మేరకు ప్రకటన చేశాడు. 1950 జనవరి 26 నుంచి మైసూరు ‘బి’ శ్రేణి రాష్ట్రం, మహారాజు రాజప్రముఖుడు అయ్యారు.

అధికారం చేతికి వచ్చినప్పుడే అందులో కొంత ఢిల్లీకి వదులుకోవలసి రావడం ఈ కాలపు విశేషం. 1950 ఏప్రిల్ నుంచి ఆర్థిక విలీనం అమలైంది. ఆదాయపు పన్ను వంటి రాబడులు కేంద్రానికి పోయాయి. మైసూరు సంస్థానం స్వయంగా నడుపుకున్న రైల్వే 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. ఏ మంత్రివర్గానికైనా ఇది ఇబ్బందికరమైన పనే. దివానులు కూడబెట్టిన ఆస్తులను ప్రజల మంత్రులు అప్పగిస్తున్నారన్న విమర్శ రాక తప్పదు.

శాసనాల విషయంలో 1948 నాటి దేవాలయ ప్రవేశ చట్టం చెప్పుకోదగ్గది. పరిపాలనలో బెంగుళూరు నగరపాలక సంస్థ ముఖ్యమైనది. బెంగుళూరు అంతవరకు రెండు ఊళ్లుగా ఉండేది. పేట వైపు మైసూరు సర్కారు, దండు వైపు 1947 జులై దాకా ఆంగ్లేయుల పాలన. దండులో తమిళం, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఎక్కువగా వినపడేవి. 1949లో ఈ రెండింటి మునిసిపాలిటీలను కలిపి ఒక కార్పొరేషన్ చేశారు. నేటి బెంగుళూరు బహుభాషా స్వభావానికి పరిపాలనా రూపం అప్పుడే ఏర్పడింది. 1948లో టెలిఫోను పరికరాల కర్మాగారం నగర శివారులో వెలిసింది. అటుపిమ్మట అనంతపురం, చిత్తూరు, కోలారు, పావగడ పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువారి ఎన్నో కుటుంబాల కథ ఇటువంటి కార్ఖానాల గేటు దగ్గర మొదలవుతుంది.

శంకుస్థాపన, భవనం

బెంగుళూరులో విధానసౌధను చూడని విద్యార్థి ఉండడు. దానికి 1951 జులై 13న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అప్పుడు ముఖ్యమంత్రి చెంగలరాయరెడ్డి. ఆనాడు అనుకున్న భవనం సాదాది. 1952లో వచ్చిన కెంగల్ హనుమంతయ్య ఆ నమూనాను మార్పించి, ద్రావిడ శిల్పరీతిలో, పెద్ద ఎత్తున కట్టించాడు. 1956లో పూర్తయిన ఆ భవనం హనుమంతయ్య పేరుతో ముడిపడిపోయింది. అది న్యాయమే. కానీ ఆ భవనంలో కూర్చోవలసిన సభకు అధికారం తెచ్చిన పోరాటానికి నాయకుడెవరన్నది భవనం ముందు నిలబడ్డవారికి గుర్తు రాదు.

పదవి మారిన తీరు కూడా పరిశీలించదగ్గది. 1949 నుంచి మైసూరు కాంగ్రెసులో చెంగలరాయరెడ్డి వర్గం, హనుమంతయ్య వర్గం అని చీలిక బలపడింది. ప్రభుత్వం ఒకరి చేతిలో, పార్టీ మరొకరి చేతిలో ఉన్న స్థితి. వయోజన ఓటు మీద 1952లో జరిగిన తొలి ఎన్నికల తర్వాత హనుమంతయ్య మార్చి 30న ముఖ్యమంత్రి అయ్యాడు. రాజును ఎదిరించే ఉద్యమంలో నాయకుడికి కావలసిన అర్హత వేరు. సంఖ్యాబలం లెక్కకు వచ్చే ఎన్నికల్లో, పార్టీ పట్టులో కావలసిన బలం వేరు. మైసూరు మధ్యభాగపు జిల్లాల్లో పునాది ఉన్నవారికి ఇక్కడ మొగ్గు ఉండడం సహజం. ఇది చెంగలరాయరెడ్డి భాష వల్ల జరిగిందని చెప్పడానికి ఆధారం లేదు. అయితే సరిహద్దు జిల్లా నాయకుడికి రాష్ట్రమంతటా సొంత పునాది ఉండడం కష్టమన్నది వాస్తవం.

ఢిల్లీ, భోపాల్

1952 మేలో నెహ్రూ ఆయనను కేంద్రంలో ఉత్పత్తి శాఖ మంత్రిగా తీసుకున్నాడు. ఆయన మైసూరు నుంచి రాజ్యసభ సభ్యుడయ్యాడు. ఈ శాఖ కొత్తది. సింద్రీ ఎరువుల కర్మాగారం వంటి ప్రభుత్వ పరిశ్రమలు దీని కింద ఉండేవి. 1953లో బెంగుళూరు జాలహళ్లిలో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ ఏర్పడింది. 1954లో పింప్రీలో పెన్సిలిన్ తయారీకి హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ ఏర్పడింది. ప్రభుత్వరంగం అన్నమాట సిద్ధాంతం నుంచి కార్ఖానాగా మారిన అయిదేళ్లవి. ఒకప్పుడు దివానులు సంస్థానం స్థాయిలో చేసిన ప్రయోగం ఇప్పుడు దేశం స్థాయిలో జరిగింది. ఈసారి మంత్రి పార్లమెంటులో ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ప్రజాపక్షం కోరిన తేడా అదే.

1957లో ఆయన కోలారు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అప్పుడు కోలారు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, రెండో సభ్యుడు దొడ్డతిమ్మయ్య. 1957-61 మధ్య నిర్మాణాలు, గృహవసతి, సరఫరాల శాఖ చూశాడు. 1961 ఏప్రిల్‌లో, మూడో పంచవర్ష ప్రణాళిక మొదలైన నెలలోనే, లాల్‌బహదూర్ శాస్త్రి హోంశాఖకు వెళ్లగా, వాణిజ్య పరిశ్రమల శాఖ ఆయనకు వచ్చింది. 1963 దాకా ఆ బాధ్యతలో ఉన్నాడు.

1965లో మధ్యప్రదేశ్ గవర్నరు అయ్యాడు. 1971 వరకు, మధ్యలో స్వల్పకాలం తప్ప, భోపాల్‌లోనే ఉన్నాడు. అక్కడ ఆయన ముందుకు వచ్చిన పరీక్ష విచిత్రమైనది. 1967 జులైలో కాంగ్రెసు సభ్యులు కొందరు పార్టీ మారడంతో ద్వారకాప్రసాద్ మిశ్రా ప్రభుత్వం మెజారిటీ కోల్పోయే స్థితి వచ్చింది. ముఖ్యమంత్రి సలహా మీద గవర్నరు సభను ప్రొరోగ్ చేశాడు. అంటే సమావేశాలను నిలిపివేశాడు. మెజారిటీ పోయిందన్న అనుమానం ఉన్న ముఖ్యమంత్రి సలహాను గవర్నరు పాటించాలా అన్న చర్చ అప్పుడు దేశమంతా సాగింది. సభ మళ్లీ కూడాక మిశ్రా ప్రభుత్వం పడిపోయి, జులై 30న గోవింద్ నారాయణ్ సింగ్ నాయకత్వంలో సంయుక్త విధాయక దళ ప్రభుత్వం ఏర్పడింది. మంత్రులు సభకు జవాబుదారీగా ఉండాలని జైలుకు వెళ్లిన మనిషే, సభ కొద్దిరోజులు కూడకుండా సంతకం చేయవలసి వచ్చింది. రాజ్యాంగం ప్రకారం ముఖ్యమంత్రి సలహాకు కట్టుబడ్డాడని ఆయనను సమర్థించవచ్చు. సభ తీర్పును వాయిదా వేశాడని విమర్శించవచ్చు. రెండు వాదాలకూ మూలం ఆయన యౌవనంలో పట్టుకున్న సూత్రమే. చెంగలరాయరెడ్డి 1976 ఫిబ్రవరి 27న మరణించాడు.

భాషారాష్ట్రాలు, సరిహద్దు తెలుగు

ఆయన ఢిల్లీలో ఉన్న కాలంలోనే ఆయన పుట్టిన నేల భవితవ్యం చర్చకు వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను విభజించారు. ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి మైసూరులో కలిసింది. తర్వాత ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. కోలారు జిల్లాలో అప్పటికి సగానికి పైగా జనం తెలుగువారు. అయినా భాష ఒక్కదాని మీదనే హద్దులు తేల్చరాదని, పరిపాలనా సంబంధాలు, ఆర్థికజీవనం కూడా చూడాలని ఆ సంఘం భావించింది. కోలారు మైసూరులోనే ఉండిపోయింది. పావగడ కూడా ఉండిపోయింది. అటుపక్క కన్నడం విరివిగా మాట్లాడే మడకశిర ఆంధ్రలో ఉండిపోయింది. ఏ గీత గీసినా ఇరువైపులా కొందరు అవతలి భాషవారు మిగలక తప్పదని ఈ రెండు పొరుగు తాలూకాలు చెబుతాయి.

ఇక్కడ నీలం సంజీవరెడ్డితో పోలిక పెట్టుకోవచ్చు. ఆయన అనంతపురం జిల్లా ఇల్లూరువాడు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఇద్దరూ వానలు తక్కువపడే మెట్టసీమ రైతు కుటుంబాల నుంచి వచ్చినవారే. ఇద్దరూ ఒక్కొక్క రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రులు. అయితే సంజీవరెడ్డి రాష్ట్రం ‘తెలుగు మాట్లాడేవారంతా ఒక్కటి’ అన్న మాట మీద కట్టినది. చెంగలరాయరెడ్డి రాష్ట్రం ‘పాలకుడు ప్రజలకు జవాబు చెప్పాలి’ అన్న మాట మీద కట్టినది. మొదటి రాష్ట్రంలో భాష రాజకీయానికి పునాది. రెండోదానిలో భాష ఇంటి విషయంగా ఉండిపోయింది. రెండు మార్గాలకూ లాభనష్టాలు ఉన్నాయి. మొదటి మార్గంలో తెలుగుకు ప్రభుత్వ భాషగా గౌరవం దొరికింది. కానీ 2014 నాటికి ఒకే భాష రెండు రాష్ట్రాలను ఒకటిగా నిలపలేదని తేలింది. రెండో మార్గంలో కోలారు, పావగడ తెలుగువారికి రాష్ట్రంలో పౌరులుగా సంపూర్ణ స్థానం దొరికింది. వారి తెలుగుకు మాత్రం బడిలో, కచేరీలో చోటు దొరకలేదు. తాతగారి ఉత్తరాలు చదవలేని మనుమలు ఉన్న ఊళ్లు ఆ రెండో మార్గపు ఖరీదును చూపిస్తాయి.

1956 నవంబరు 1న విశాల మైసూరు ఏర్పడ్డాక, 1973 నవంబరు 1న అది కర్ణాటక అయ్యాక, ఆ రాష్ట్ర రాజకీయాల్లో కన్నడం కేంద్ర విషయమైంది. అది సహజ పరిణామం. వేర్వేరు పాలనల కింద చెల్లాచెదురై ఉన్న కన్నడిగుల కోరిక అది. అయితే ఆ తర్వాత రాసిన చరిత్ర, 1947కు ముందు జరిగిన పోరాటాన్ని కూడా భాషా ఉద్యమపు తొలి అంకంగా చదవడం మొదలుపెట్టింది. అప్పుడు విదురాశ్వత్థం కాల్పులు, ప్రజాపక్షం, మైసూరు చలో సరిహద్దు మనుషుల పోరాటాలుగా కనబడటం మానేశాయి. చెంగలరాయరెడ్డి పేరు జాబితాలో మొదటి వరుసలో ఉండి కూడా కథలో లేకపోవడానికి ఇది ముఖ్య కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

విద్యార్థులకు

పావగడ, హొసకోట, బాగేపల్లి, శ్రీనివాసపురం నుంచి వచ్చిన విద్యార్థులు తమను ‘రాష్ట్రం బయటి తెలుగువారు’ అని చెప్పుకోవడం అలవాటైంది. ఆ మాట మన తాత ముత్తాతల విషయంలో సరిపోదు. వారు ఎక్కడికీ వలస వెళ్లలేదు. ఉన్నచోటనే ఉన్నారు. ఉన్న రాష్ట్రంలో ప్రజాపాలన కోసం మిగిలినవారితో సమానంగా లాఠీలు, తూటాలు ఎదుర్కొన్నారు. ఆ రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిని ఇచ్చిన నేల వారిది. తెలుగు చదువుకోవడానికీ, బోధించమని అడగడానికీ ఈ పౌరసత్వ చరిత్ర కంటె బలమైన ఆధారం వేరే లేదు. పక్క రాష్ట్రం దయ మీద ఆధారపడి అడిగే కోరికగా కాక, ఈ రాష్ట్రాన్ని నిర్మించినవారి వారసులుగా అడిగే హక్కుగా దానిని చూడవచ్చు. అట్లాగే ఈ చరిత్రను కన్నడంలో చదువుకోకుండా పూర్తిగా తెలుసుకోలేమన్నది కూడా అంతే నిజం. మైసూరు ప్రజాప్రతినిధి సభ చర్చలు, ఆనాటి పత్రికలు ఎక్కువగా కన్నడంలో, ఇంగ్లీషులో ఉన్నాయి.

చేయవలసిన పని చాలా మిగిలి ఉంది. 1938, 1947 ఉద్యమాల గురించి పెద్దల నోట విన్న మాటలు, జైలుకు వెళ్లినవారి ఇళ్లలో దాచిన కాగితాలు, తెలుగులో పాడిన జెండాపాటలు, ఎన్నికల కరపత్రాలు ఇంకా కొన్ని ఊళ్లలో దొరుకుతాయి. ఒక్కొక్క తాలూకాకు ఇద్దరు విద్యార్థులు పూనుకుని సెలవుల్లో వాటిని సేకరించి, ఏ ఊళ్లో, ఎవరింట్లో, ఏ సంవత్సరంలో రాసుకున్నదో నమోదు చేస్తే, చెంగలరాయరెడ్డి ఒక్కడి చరిత్రే కాదు, ఆయన వెనుక నడిచిన పల్లెల చరిత్ర రాయడానికి సామగ్రి సమకూడుతుంది. ఆ పనిని విదురాశ్వత్థం చుట్టుపట్ల గ్రామాలతో మొదలుపెట్టి, పెన్నా వెంట నాగలమడికె మీదుగా పావగడ దాకా కొనసాగించడం తగిన క్రమం.